ఆచార్య సూరి భగవంతముగారు

సంక్రాంతి నెలలో మేము పనిమీద పుంగనూరు వచ్చి, అక్కడనుండి చౌడేపల్లెకు పోయితిమి. బోయకొండ గంగమ్మ దర్శనమైన పిమ్మట ఆ గ్రామమున మాకు చిరకాలమిత్రులైన యొక భూస్వామిగారి యరుగుపై జాముసేపు కూర్చుంటిమి. వారి కుమారుడు మదనపల్లెలో భౌతికశాస్త్రము చదువుచున్నాడు. ఆ పిల్లవాడు తన పాఠములలోని యొక వింతవిషయమును చెప్పెను. కొన్ని పదార్థములలో విద్యుద్ధర్మమును అయస్కాంతధర్మమును ఒక్కచోటనే కూడియుండునట. అట్టి పదార్థమున పరమాణువులు తమ స్థానమునుండి ఊహకందనంత స్వల్పముగా జరుగునట. ఆ జరుగుటను ఎక్సు కిరణములతో కొలుతురట. తండ్రిగారు నవ్వి, ఆ కిరణములు విరిగిన యెముకను చూచుటకు గదా, రాతిని చూచి యేమి లాభమని మమ్ము నడిగిరి. పత్రికలలో వ్రాయువారికి సమస్తమును తెలిసియుండునని పల్లెలలో నొక భ్రమ గలదు. ఆ భ్రమను నిలుపుకొను శక్తి ఆనాడు మాకు లేకపోయినది. ఐనను ఆ ప్రశ్న వినగానే ఒక తెలుగువాని పేరు మా మనస్సునకు వచ్చినది. ఆయన జీవితమును చెప్పుటయే మిత్రునకు మేమీయగల సమాధానము.

సూరి భగవంతముగారు 1909వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన కృష్ణామండలమున, నూజివీటి దాపున నున్న ఆగిరిపల్లిలో జన్మించిరి. గుడివాడలో హైస్కూలు చదువు ముగించి హైదరాబాదునకు పోయి నిజాము కళాశాలలో చేరిరి. నిజాము ప్రభువుల రాజధానిలో నుండియు ఆ కళాశాల ఆ కాలమున మద్రాసు విశ్వవిద్యాలయమునకు చేరినదై యుండెను; పక్కనే ఉస్మానియాలో ఉర్దూలో బోధన జరుగుచుండెను. ఆ ఉస్మానియాకే యీ విద్యార్థి ఒకనాడు అధ్యక్షుడగునని యెవరనుకొందురు?

1928 ఫిబ్రవరి 28వ తేదీన కలకత్తాలో చంద్రశేఖర వేంకటరామనుగారు తమ పేరున ప్రసిద్ధమైన ఫలితమును కనుగొనిరి. కాంతి యొక పదార్థముగుండా పోయి చెదరునపుడు అందలి అణువుల కంపనముతో శక్తిని పంచుకొని కొంచెము రంగు మార్చుకొనును. ఆ మార్పును కొలిచినచో అణువు లెట్లు కంపించుచున్నవో తెలియును. ఆ సంవత్సరముననే పట్టభద్రుడైన భగవంతముగారు కలకత్తాకు పోయి, బౌబజారు వీధిలోని భారత విజ్ఞానసంవర్ధక సంఘమున రామనుగారి శిష్యులైరి. మహేంద్రలాల్ సర్కారుగారు 1876లో దేశీయుల విరాళములతో నెలకొల్పిన సంస్థ యది. ప్రభుత్వపు దొరల ప్రయోగశాలలలో భారతీయునకు సహాయకుని పీటయైనను దొరకుట దుర్లభమైన దినములలో, అచ్చట ఉద్యోగము చేసికొనుచు తీరికవేళల పరిశోధించిన రామనుగారికి 1930లో నోబెలు బహుమానము వచ్చినది. ఆగిరిపల్లి చిన్నవాడు ఆ వెలుగులో పెరిగెను.

గురువు శిష్యుని చేత మొట్టమొదట పట్టించిన వస్తువులలో వజ్రమొకటి. కృష్ణాతీరమున కొల్లూరు గనులనుండి జగత్తునకు వజ్రములు పంపిన తెలుగుదేశపు బిడ్డకు ఆ రాతిలోపలి సంగతి తెలిసికొను పని పడుట ముచ్చటగానే యున్నది. వజ్రమున బొగ్గుపరమాణువులు రెండు వరుసలుగా నొకదానిలో నొకటి చొచ్చి యుండును. ఆ రెండు వరుసలు ఒకదాని కొకటి ఎదురుగా ఊగుటవలన నొకే యొక స్పష్టమైన రేఖ కాంతిలో కనబడును. 1930లో భగవంతముగారు దీనిని శ్రద్ధతో పరిశీలించిరి. మరుసటి సంవత్సరమున గురుశిష్యులిరువురును కలసి, ద్రవములలో చెదరిన కాంతి గుణములను కొలిచి, కాంతికణమునకు తన చుట్టు తాను తిరుగునట్టి సహజమైన భ్రమణము గలదని ప్రయోగపూర్వకముగా చూపిరి. అప్పటికి శిష్యునకు ఇరువదిరెండేండ్లు.

ఇచ్చట మా మిత్రుని ప్రశ్నకు కొంత దారి చేయవలసియున్నది. ఆనాడు వారి వాకిట సంక్రాంతిముగ్గు వేసియుండెను. చుక్కలు వరుసగా పెట్టి, వానిచుట్టు తీగ త్రిప్పి, ఒక్కటే రూపమును మరల మరల వేసికొనుచు పోవుట మన యాడవారికి అలవాటైన విద్య. ఉప్పుకణికయు, పటికబెల్లమును, సున్నపురాతిలోని తళుకుముక్కయు నిట్టి ముగ్గులే. చుక్కలకు బదులు పరమాణువులు, నేలపై బరచుటకు బదులు మూడు దిక్కులను పేర్చబడినవి. ఎముకను చూపు ఆ ఎక్సు కిరణముల తరంగపు నిడివి పరమాణువుల నడిమి దూరముతో సమానముగా నుండును. కావున స్ఫటికముపై పడినపుడు అవి కొన్ని నియతమైన దిక్కులలోనే గట్టిగా తిరిగివచ్చును. 1912లో జర్మనీలో లావే పండితుని ఊహ ననుసరించి దీనిని చూచిరి. ఆ మరుసటి యేడు ఇంగ్లండులో బ్రాగు తండ్రికొడుకులు దానినుండి పరమాణువు లెచ్చటెచ్చట నున్నవో లెక్కకట్టు విధము చూపిరి. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేయు నేతగాడు ఒక్క పోగు చోటు తప్పినను అంచు చూచి కనిపెట్టగలడు. అట్లే, ముగ్గులో చుక్క జరిగినచో తిరిగివచ్చు కిరణముల వెలుగులలో హెచ్చుతగ్గులు కలుగును.

ఎక్సు కిరణము పరమాణువుల ఇండ్లను చూపును. రామనుగారి కాంతి ఆ యిండ్లలో వారు చేయు కదలికను చూపును. ఈ రెంటికిని నడుమ వంతెన కట్టినవారిలో భగవంతముగారి స్థానము పెద్దది.

1932లో వారు వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉపన్యాసకులుగా చేరిరి. అప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణగారు ఉపాధ్యక్షులు. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారి దానముతో అచ్చట విజ్ఞానకళాశాల లేచుచుండెను. 1938లో వారు ఆచార్యులగునాటికి మరల కట్టమంచి రామలింగారెడ్డిగారే ఉపాధ్యక్షులు. మా చౌడేపల్లె మిత్రులు తమ సీమవాడని చెప్పుకొను రెడ్డిగారు, 1930లో ప్రభుత్వపు దమననీతికి నిరసనగా ఆ పదవిని వదలుకొని, 1936లో మరల వచ్చినవారు. పడమటిసీమవాడు నిలిపిన విద్యాలయమున తూర్పుసీమవాడు చేసిన పనియని దీనిని లెక్కపెట్టుకొనవచ్చును.

ఆ పని యేదనగా లెక్క. వాల్తేరులో వారికి టి. వేంకటరాయుడుగారను గణితశాస్త్రజ్ఞుడు తోడు దొరికెను. ముగ్గును నాలుగవవంతు త్రిప్పినను మునుపటివలెనే కనబడిన, అది యొక సౌష్ఠవము. అద్దమున చూచినను మారకున్న, అది మరియొకటి. ఇట్టి సౌష్ఠవములన్నియు కూడి యొక సమూహమగును. ఈ సమూహగణితమునకు వానిదైన నియమములు గలవు. స్ఫటికములు లక్షలున్నను వాని బాహ్యసౌష్ఠవములు 32 తరగతులకు మించవు. లోపలి యమరికను గూడ చేర్చిన 230 విధములు. 1939లో భగవంతము, వేంకటరాయుడుగార్లు ప్రకటించిన వ్యాసమున చూపిన యుపాయ మిది: ఎక్సు కిరణములవలన తెలిసిన స్ఫటికనిర్మాణములో నొక్క మూలగడిని తీసికొనవలెను, గడినుండి గడికి జరుగుటను అసలు జరుగుటగా నెంచక, ఆ గడిలోని పరమాణువుల కదలికలను సౌష్ఠవము ననుసరించి పంచవలెను. అప్పుడు ఎన్ని కంపనములు గలవు, వానిలో ఎన్ని రామనుకాంతిలో కనబడును, ఎన్ని కనబడవు అనునది ప్రయోగము చేయక ముందే తేలును. ఉదాహరణమునకు సున్నపురాతి స్ఫటికమున మూలగడికి 10 పరమాణువులు, అనగా 30 కదలికలు. గడి యంతయు నొక్కమారుగా సాగు మూడింటిని తీసివేయగా మిగిలినవి 27. వానిలో రామనుకాంతిలో కనబడు రేఖలు అయిదు మాత్రమే యుండవలెనని లెక్క చెప్పును. పరికరము ముందు కూర్చున్నవాడు చూచినపుడు అయిదే యుండును. ఆరవది కనబడినచో స్ఫటికము చెడినదో, నిర్మాణము తప్పుగా చెప్పబడినదో వెదకవలెను. నేటికిని స్ఫటికముల కంపనములను చదువువారు పనికి కూర్చొనుచు మొదట వేయు లెక్క యిదే.

వారి కార్యములలో మాకు మిక్కిలి ప్రీతియైనది మరియొకటి. పారదర్శకమైన రాతిని నొక్కినయెడల దానిగుండా పోవు కాంతి నడక మారును. ఎంత నొక్కిన నెంత మారునో చెప్పుటకు కొన్ని స్థిరసంఖ్యలు కావలెను. జర్మనుదేశపు పోకెల్సు పండితుడు పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ శాస్త్రమును నిర్మించి, ఘనాకారసౌష్ఠవము గల యన్ని స్ఫటికములకును మూడేసి సంఖ్యలు చాలునని నిర్ణయించెను. యూరపులో అర్ధశతాబ్దము ఆ మాట శాసనముగా చెల్లినది. 1942లో, జపానువారి బాంబులు విశాఖపట్టణముపై పడిన సంవత్సరముననే, భగవంతముగారు సమూహగణితముతో ఆ పట్టికను మొదటినుండి తిరిగి కట్టిరి. ఘనాకార స్ఫటికముల అయిదు తరగతులలో రెండింటికి మూడు చాలవనియు, నాలుగు సంఖ్యలు కావలెననియు తేలినది. కాగితముపై తేలినంతమాత్రమున నమ్మువారెవ్వరు? పటికలవంటి స్ఫటికములపై ఆంధ్రవిశ్వకళాపరిషత్తులోనే కొలతలు తీయగా నాలుగవ సంఖ్య నిజముగానే వేరై నిలిచినది. తప్పు పోకెల్సు పండితుని పాండిత్యమున లేదు. ఆయన చేతికి సమూహగణితము అందలేదు. వాల్తేరువారి చేతికి అందినది. ఐనను పాశ్చాత్యగ్రంథమున అచ్చయిన సంఖ్యను ప్రశ్నింపవచ్చునని తోచుటకే ఆనాటి మన పాఠశాలలలో పెరిగిన బాలునికి ఎంత గుండె కావలసియుండెనో, ఆ పాఠశాలలలో చదివినవారికి తెలియును.

వారి గ్రంథములును వాల్తేరునుండియే వెలువడినవి. కాంతిపరిక్షేపమును రామను ఫలితమును గూర్చినది 1940లోను, వేంకటరాయుడుగారితో కలసి వ్రాసిన సమూహసిద్ధాంతము 1948లోను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించెను. ఈ రెండవది మాస్కోలో రష్యను భాషలోనికి అనువదింపబడినది. తెలుగులోనికి మాత్రము రాలేదనుట మాకు కష్టముగానున్నది. సౌష్ఠవమనియు మూలగడియనియు మేమిచ్చట తడుముకొనుచు వ్రాయుటకు ఆ కొరతయే కారణము.

1948లో భగవంతముగారు లండనునకు విజ్ఞానసంబంధాధికారిగా పోయిరి. ఆ మీదట ఉద్యోగములు వరుసగా వచ్చిపడినవి: 1949లో ఉస్మానియాలో భౌతికశాస్త్రాచార్యపదవి, 1952 నుండి 1957 వరకు అచ్చటనే ఉపాధ్యక్షత, 1957 నుండి 1962 వరకు బెంగుళూరు భారత విజ్ఞానసంస్థ డైరక్టరు పదవి, 1961 నుండి 1969 వరకు ఢిల్లీలో రక్షణమంత్రికి విజ్ఞానసలహాదారు పదవి. చీనాతో యుద్ధము 1962లోను, పాకిస్తానుతో యుద్ధము 1965లోను వచ్చినవి. పరాయిదేశపు తుపాకిని కొనుటయా, మన తుపాకిని మనమే చేసికొనుటయా యను ప్రశ్న ఆ దినములలో ఢిల్లీ కచ్చేరీలలో నిత్యప్రశ్న. హైదరాబాదున రక్షణపరిశోధనశాలలు వెలసి పెరిగినది వారి హయామున. వానివలన నగరమునకు కలిగిన ప్రయోజనము మన కన్నుల యెదుట నున్నది.

ఐనను మా మనస్సున నొక పట్టింపు గలదు. మన దేశమున మంచి పండితుడు కనబడిన వెంటనే ఆతనికి కుర్చీ వేయుదురు. కుర్చీకి బల్ల, బల్లకు కాగితముల కట్టలు వచ్చును. ముప్పదితొమ్మిదేండ్ల వయస్సున వాల్తేరు విడిచిన ఆచార్యుడు అచ్చటనే మరి యిరువదియేండ్లుండిన ఏమి చేసియుండెడివాడో మన మెన్నటికిని ఎరుగము. స్వతంత్రదేశమునకు అట్టివారి సేవ అవశ్యకమే యని వాదించువారికి మేము అడ్డుచెప్పము. కాని వాల్తేరునకు కలిగిన నష్టమును లెక్కలో వేయకుండుట సరికాదు.

ఈ పట్టింపునకు భగవంతముగారే కొంత జవాబిచ్చిరి. రక్షణశాఖ కాగితముల నడుమ కూర్చుండియే వారు తమ పాత లెక్కను విడువలేదు. 1964లో పి. వి. పంతులుగారితో కలసి అయస్కాంతసౌష్ఠవమును గూర్చి వ్యాసము ప్రకటించిరి. చౌడేపల్లె పిల్లవాడు చెప్పిన సంగతికి ఇదియే దగ్గరిచుట్టము.

అయస్కాంతధర్మము గల స్ఫటికమున ప్రతిపరమాణువును ఒక చిన్న సూదంటురాయివంటిది. దానికి దిక్కు గలదు. కాలమును వెనుకకు నడిపినట్లు ఊహించినచో ఆ దిక్కు తలక్రిందగును. కావున ముగ్గులో చుక్కలకు తెలుపు, ఎరుపు అని రెండు రంగులు వేసినట్లయినది. త్రిప్పినపుడు రూపముతోపాటు రంగును కలియవలెను. ఇట్లు లెక్కించిన 32 తరగతులు 122 అగును. ఏ తరగతికి చెందిన స్ఫటికమున విద్యుత్తును పెట్టిన అయస్కాంతత్వము పుట్టవచ్చును, ఏ తరగతిలో ఎన్నటికిని పుట్టదు అనునది సౌష్ఠవమే చెప్పును. ఇట్టి ఫలితము కలుగవచ్చునని 1894లోనే ఫ్రాన్సులో పియరు క్యూరీ ఊహించెను. 1959లో రష్యాలో జ్యలోషిన్స్కీ క్రోమియము ఆక్సైడున నది యుండవలెనని లెక్కతో చెప్పగా, మరుసటి యేడు అస్త్రోవు ప్రయోగమున చూపెను. భగవంతముగారును పంతులుగారును చేసినది, వాల్తేరులో 32 తరగతులకు పట్టికలు కట్టిన రీతినే అయస్కాంతతరగతులకు స్థిరసంఖ్యల పట్టికలు కట్టుట. 1966లో లండనులో అచ్చయిన స్ఫటికసౌష్ఠవము, భౌతికధర్మములు అను వారి గ్రంథమున ఈ సామగ్రియంతయు నొకచోట చేర్చబడినది. సైన్యపు సలహాదారు వ్రాసిన పుస్తకమున ఒక్క తుపాకియు లేదు.

ఆ తరువాతి కథ వారి జీవితమునకు వెలుపలిది. ఐనను చెప్పక తీరదు. విద్యుద్ధర్మము, అయస్కాంతధర్మము రెండును స్వయముగా గల పదార్థములపై 2003 ప్రాంతమున లోకమంతట ఆసక్తి రేగినది. వానిలో టెర్బియము మాంగనీసు ఆక్సైడు ఒకటి. మిక్కిలి చల్లార్చిన, అనగా పరమశూన్యమునకు 28 డిగ్రీలలోపున, దానిలోని చిన్న అయస్కాంతములు వరుసగా చుట్టు తిరిగి నిలుచును. అంతట దానిలో విద్యుద్ధ్రువత పుట్టును. అయస్కాంతములు చుట్టుతిరిగిన విద్యుత్తు ఎందుకు రావలెను? పరమాణువులు జరుగుటచేతనా, లేక వానిచుట్టునున్న ఎలక్ట్రానుల మబ్బు మాత్రము జరుగుటచేతనా? ఈ వివాదము చాలకాలము తేలలేదు. జరుగుట యున్నను అది యంత స్వల్పమగుటచే సాధారణమైన ఎక్సురే పద్ధతికి అందదు. ఆ పద్ధతిలో వెలుగు జరిగినదూరపు వర్గము ననుసరించును గనుక, చిన్నసంఖ్యను దానితోనే హెచ్చించిన మరింత చిన్నదగును.

2011లో ఫ్రాన్సునందలి గ్రెనోబులు మహాకిరణశాలలో పరిశోధకులు దీనికొక ఉపాయము పన్నిరి. ఎక్సు కిరణము పరమాణువుల అయస్కాంతత్వముచేతను మిక్కిలి బలహీనముగా చెదరును. ఆ బలహీనమైన చెదరింపు ఎంతయో ముందే తెలియును. జరుగుటవలన కలుగు చెదరింపును దానితో కలియనిచ్చి, రెంటి తరంగములు ఒకదానినొకటి హెచ్చించుటను, తగ్గించుటను చూచిరి. అట్లు చూచినపుడు వర్గము పోయి, జరిగిన దూరమే నేరుగా కనబడును. ఏ దిక్కునకు జరిగినదియు తెలియును. మన యంగళ్లలో బంగారము తూచువాడు తెలియని నలుసును తెలిసిన గురిగింజతో సరితూచినట్టి పని యది. అందు దొరికిన ఖచ్చితత్వము సుమారు 20 ఫెంటోమీటర్లు, అనగా పరమాణువు వెడల్పులో అయిదువేలవ వంతు. పరమాణువులు నిజముగా జరిగినవనియు, ఏ పరమాణువు ఎటు జరిగినదో గూడ తేలెను. ఏ తరంగము దేనితో కలియవచ్చునో, ఏ జరుగుట సౌష్ఠవమునకు సమ్మతమో ముందుగా తెలిసియుండనిచో ఇట్టి ప్రయోగమును ఊహించుటయే కుదరదు. ఆ ముందుతెలివి యిచ్చు గణితమునకు సామగ్రి కూర్చినవారిలో వాల్తేరువారును గలరు.

పదవులు విడిచిన పిమ్మట భగవంతముగారు అభివృద్ధిచెందుచున్న దేశములలో విజ్ఞానవ్యాప్తికై యేర్పడిన యంతర్జాతీయసంఘమున పనిచేసిరి. పుట్టపర్తి సత్యసాయిబాబాగారి భక్తులై, వారి తెలుగు ఉపన్యాసములను సభలలో ఇంగ్లీషులోనికి అనువదించుచుండిరి. విజ్ఞానవేత్త కిది తగునాయని విమర్శించినవారు గలరు. తగునని గర్వించినవారును గలరు. మాకు తోచినంతవరకు ఆయన పట్టికలలోని సంఖ్యలకు ఈ రెండు పక్షములతోను పనిలేదు. 1989 ఫిబ్రవరి 6వ తేదీన వారు పరమపదించిరి.

ఇంత కథయు అరుగుపై చెప్పుటకు మాకు వ్యవధి లేకపోయెను. ముగ్గును చూపి, చుక్కలను గూర్చియు, నేతగాని పోగును గూర్చియు మాత్రము చెప్పితిమి. మిత్రులు సాంతము విని, ఎముకల కిరణముతో రాతిని చదువుటలో లాభమున్నదో లేదో గాని, ఆగిరిపల్లివాడు జర్మనువాని పట్టికను దిద్దినమాట నిజమేనా యని మరల నడిగిరి. నిజమేనని చెప్పితిమి. కుమారుడు అప్పటికే లోనికి పోయి, తన పుస్తకమున ఘనాకారస్ఫటికముల పుట తీసి, మూడా నాలుగా యని వెదకుచుండెను. పుంగనూరు బస్సు వచ్చినది, మేము బయలుదేరితిమి.